ఎంటర్ నొక్కే ముందు: సర్వర్ సెట్టింగులు మార్చడం వెనక ఉన్న కథ

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది సెట్టింగుల గురించి. మీ ఫోన్‌లో పళ్ళచక్రం గుర్తు ఉంటుంది చూశారా, అదే మాట. కాకపోతే ఇక్కడ ఫోన్ ఒకటి కాదు, వేల మెషీన్లు. వాటన్నిటి సెట్టింగ్ నల్ల తెర మీద ఒక్క లైన్ టైప్ చేసి మార్చేస్తారు. ఆ లైన్ ఎలా పుట్టింది, అది ఎంతమందిని ముంచింది, ముంచకుండా ఉండటానికి మనుషులు ఏం కనిపెట్టారు, ఇదీ కథ.

ముందు 2024 జూలై 19కి వెళ్దాం. శుక్రవారం. ఆ రోజు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కొంతమంది ప్రయాణికులకి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ఒకాయన తన పాస్ ఫొటో తీసి పెడితే అది దేశమంతా తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. నవ్వుకున్నాం, మీమ్స్ చేసుకున్నాం. అసలు జరిగింది ఏంటంటే, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ మన టైమ్ ప్రకారం ఉదయం 9:39కి ఒక చిన్న ఫైల్ పంపింది. అది కొత్త సాఫ్ట్‌వేర్ కాదు. ఇప్పటికే ఉన్న సాఫ్ట్‌వేర్‌కి "ఇలాంటివి కనిపిస్తే అనుమానించు" అని చెప్పే రూల్స్ ఫైల్. అంటే ఒకరకంగా సెట్టింగ్. ఆ రూల్స్ 21 గడులు ఉంటాయనుకుని రాశారు, లోపలున్న ప్రోగ్రామ్ ఇచ్చేది 20 మాత్రమే. లేని 21వ గడిని చదవబోయి విండోస్ కుప్పకూలింది. 78 నిమిషాల్లో ఫైల్ వెనక్కి తీసుకున్నారు. అప్పటికే సుమారు 85 లక్షల మెషీన్లలో నీలం తెర వచ్చేసింది, ఇది మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్క.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసింది ఒకటుంది. అదే కంపెనీ తన అసలు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఇచ్చేటప్పుడు జాగ్రత్తగానే ఇచ్చేది. కస్టమర్ కావాలంటే ఒక వెర్షన్ వెనక ఉండొచ్చు కూడా. కానీ ఈ రూల్స్ ఫైల్‌కి ఆ జాగ్రత్త లేదు, ఒకేసారి అందరికీ వెళ్ళిపోయింది. ఎందుకంటే అది "కోడ్ కాదు కదా, సెట్టింగే కదా". ఈ "సెట్టింగే కదా" అనే మాట ఈ ఎపిసోడ్‌లో మళ్ళీ మళ్ళీ వినబడుతుంది.

సరే, మొదటి ప్రశ్న. ఇంత పెద్ద పనులకి మౌస్, బటన్లు వదిలేసి ఇంకా టైప్ చెయ్యడం ఏంటి? ఈ కాలంలో కూడానా?

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు వాళ్ళు కమాండ్లు కొట్టింది ఎక్కువగా తెర మీద కాదు. టెలీటైప్ అనే టైపు మిషన్ లాంటిది ఉండేది. మీరు కొట్టింది కాగితం మీద పడుతుంది, కంప్యూటర్ జవాబు కూడా కాగితం మీదే పడుతుంది. ఆ రోజుల్లో బాగా వాడిన మోడల్ 33 సెకనుకి 10 అక్షరాలు అచ్చు వేసేది. ఒక్క వాట్సాప్ మెసేజ్ చదవడానికి టీ చల్లారిపోయేంత టైమ్. అందుకే కమాండ్లన్నీ రెండు మూడు అక్షరాల్లో కుదించారు. కాపీకి సీపీ, మూవ్‌కి ఎంవీ, రిమూవ్‌కి ఆర్ఎం. ఫైల్ సృష్టించే ఫంక్షన్‌కి "క్రియేట్" స్పెల్లింగ్‌లో చివరి ఈ అక్షరం కూడా మింగేశారు. మళ్ళీ మొదటి నుంచి చేస్తే ఏం మారుస్తారని థాంప్సన్‌ని అడిగితే, ఆ ఈ అక్షరం పెడతానన్నాడట.

ఇంకో అలవాటు కూడా అప్పుడే పడింది. పని సరిగ్గా జరిగితే యూనిక్స్ ఏమీ మాట్లాడదు. తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది. ఆర్ఎం కొడితే "నిజంగా తీసెయ్యాలా?" అని మామూలుగా అడగదు. తీసేస్తుంది, ఊరుకుంటుంది. సెకనుకి పది అక్షరాలు కొట్టే మిషన్ మీద అది మర్యాద. యాభై ఏళ్ళ తర్వాత వేల సర్వర్ల మీద అదే మర్యాద ప్రాణాల మీదకి తెచ్చింది.

కానీ టైప్ చేసే పద్ధతి బతికి ఉండటానికి పాత అలవాటు ఒక్కటే కారణం అనుకోకండి. మౌస్‌తో మీరు చేసిన పని ఇంకొకరికి చెప్పాలంటే "పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కు, తర్వాత కిందకి రా" అని స్క్రీన్‌షాట్లు పంపాలి. అమ్మకి ఫోన్‌లో ఏదైనా సెట్టింగ్ కాల్‌లో చెప్పి మార్పించినవాళ్ళకి ఆ బాధ తెలుసు. టైప్ చేసిన లైన్‌ని మాత్రం కాపీ చేసి పంపొచ్చు. దాచుకోవచ్చు. రేపు మళ్ళీ వాడొచ్చు. వెయ్యి మెషీన్ల మీద నడపొచ్చు. నిన్న రాత్రి ఎవరు ఏం కొట్టారో చూడొచ్చు. యూనిక్స్‌లో సెట్టింగులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళు కావడం కూడా దీనికి కలిసొచ్చింది.

ఇప్పుడు ఓస్లో వెళ్దాం. నార్వే, 1993. నాకు ఈ మొత్తం కథలో ఇష్టమైన మనిషి ఇక్కడే ఉన్నాడు. పేరు మార్క్ బర్జెస్. కంప్యూటర్లవాడు కాదు, ఫిజిక్స్ మనిషి. ఓస్లో యూనివర్సిటీలో థియరెటికల్ ఫిజిక్స్ పరిశోధన చేస్తూ, డిపార్ట్‌మెంట్‌లోని కంప్యూటర్లు చూసుకునే పని కూడా మీదేసుకున్నాడు. చిక్కేంటంటే అవన్నీ యూనిక్స్ మెషీన్లే అయినా ఒక్కో కంపెనీది ఒక్కో రకం. ఒకదాంట్లో ఈ ఫైల్ ఇక్కడుంటుంది, ఇంకోదాంట్లో అక్కడుంటుంది. దాంతో స్క్రిప్టుల నిండా "ఇది ఆ రకం మెషీన్ అయితే ఇలా, ఈ రకం అయితే అలా" అని షరతులే. ఆ చిక్కుముడి భరించలేక సీఎఫ్ఇంజిన్ అనే టూల్ రాసుకున్నాడు.

అందులో అసలు మార్పు ఎక్కడుందో చెప్తాను. ఆటో ఎక్కి డ్రైవర్ అన్నకి రెండు రకాలుగా చెప్పొచ్చు. "ముందుకి పో, సిగ్నల్ దగ్గర లెఫ్ట్, తర్వాత రెండో రైట్" అని. లేదా "అన్నా, అమీర్‌పేట మెట్రో" అని. మొదటి పద్ధతిలో మీరు ఎక్కడ ఎక్కారన్నది తేడా వస్తే మొత్తం పోయింది, ఎవరి ఇంటిముందో దిగుతారు. రెండో పద్ధతిలో ఎక్కడ ఎక్కినా అక్కడికే చేరతారు. ముందే అమీర్‌పేట మెట్రో దగ్గరే ఉంటే ఆటో కదలాల్సిన పనే లేదు. బర్జెస్ మెషీన్లకి దారి చెప్పడం మానేసి గమ్యం చెప్పడం మొదలుపెట్టాడు. "ఈ ఫైల్ ఉండాలి, దీని హక్కులు ఇలా ఉండాలి, ఈ సర్వీస్ నడుస్తూ ఉండాలి." టూల్ వచ్చి చూస్తుంది. ఉంటే ఊరుకుంటుంది, లేకపోతే సరిచేస్తుంది. పదిసార్లు నడిపినా ఫలితం ఒకటే. లిఫ్ట్ బటన్ పదిసార్లు నొక్కినా లిఫ్ట్ ఒక్కసారే వస్తుంది, అలాగన్నమాట.

1998లో ఆయన కంప్యూటర్ ఇమ్యునాలజీ అని ఒక పేపర్ రాశాడు. ఒంట్లో జబ్బు వస్తే ప్రతిసారీ డాక్టర్ రాడు కదా, చాలావరకు ఒళ్ళే సర్దుకుంటుంది. మెషీన్లు కూడా అలా తమంతట తాము సరైన స్థితికి రావాలని ఆయన వాదన. ఫిజిక్స్ మనిషికి సమతుల్యం అనే ఆలోచన సహజంగానే వస్తుంది. సిస్టమ్స్ అడ్మిన్ పని చేసేవాళ్ళకి మాత్రం అది వింత మాట. ఈ రోజు వాడుతున్న టూల్స్‌లో చాలావాటి వేరు ఇక్కడే ఉంది.

తర్వాతి ఇరవై ఏళ్ళు స్పీడుగా చెప్పేస్తాను. 2005లో ల్యూక్ కేనీస్ పప్పెట్ తెచ్చాడు. 2009లో ఆడమ్ జేకబ్ వాళ్ళు షెఫ్ తెచ్చారు. 2012లో మైకేల్ డిహాన్ ఆన్సిబుల్ రాశాడు. ఆన్సిబుల్ అనే పేరు రచయిత్రి ఉర్సులా లె గ్విన్ సృష్టి. 1966 నాటి ఆమె నవలలో నక్షత్రాల మధ్య క్షణంలో కబురు పంపే పరికరం అది. ఇందులో తేడా ఏంటంటే అవతలి మెషీన్లో ముందుగా ఏ ఏజెంట్ ప్రోగ్రామూ పెట్టక్కర్లేదు, మామూలుగా లాగిన్ అయ్యే దారిలోనే వెళ్ళి పని చేసుకొస్తుంది. నేర్చుకోవడం తేలిక, అందుకే విపరీతంగా పాకింది. 2015లో రెడ్ హ్యాట్ కొనేసింది.

ఈ కాలంలోనే ఒక పోలిక బాగా ప్రచారంలోకి వచ్చింది. పాతరోజుల్లో సర్వర్లు పెంపుడు కుక్కల్లాంటివి, పేరు పెట్టి జబ్బు చేస్తే కూర్చుని వైద్యం చేసేవాళ్ళం. ఇప్పుడు అవి పశువుల మంద, నంబరే ఉంటుంది, ఒకటి పోతే ఇంకొకటి తెస్తాం అని. ఈ పోలిక మన ఊళ్ళో నడవదండీ. మా అమ్మమ్మ వాళ్ళింట్లో ప్రతి ఆవుకీ పేరుండేది, అలిగితే బుజ్జగించేవాళ్ళు కూడా. అమెరికావాళ్ళ పెద్ద పెద్ద పశువుల క్షేత్రాలు ఊహించుకుంటేనే అర్థమవుతుంది.

అసలు ఆట మారింది 2006లో. అమెజాన్ ఆ ఏడాది ఆగస్టులో ఈసీటూ మొదలుపెట్టింది. కంప్యూటర్‌ని గంటల లెక్కన అద్దెకి ఇవ్వడం. ఇంతకుముందు సెట్టింగ్ అంటే మెషీన్ లోపలి ఫైల్. ఇప్పుడు అసలు మెషీన్ ఉందా లేదా అన్నదే ఒక సెట్టింగ్. నెట్‌వర్క్, డిస్క్, ఎవరికి లోపలికి అనుమతి, అన్నీ సెట్టింగులే. వీటన్నిటినీ ఒక సంచిలో పెట్టి "ఇది ఈ టీమ్‌ది, దీని బిల్లు వీళ్ళది" అని పేరు పెట్టాలి కదా, ఆ సంచినే చాలాచోట్ల ప్రాజెక్ట్ అంటారు. 2010లో నాసా, రాక్‌స్పేస్ కలిసి తెచ్చిన ఓపెన్‌స్టాక్‌లో ఈ సంచికి ముందు ప్రాజెక్ట్ అన్నారు, తర్వాత అద్దెదారు అనే అర్థంలో టెనెంట్ అన్నారు, మళ్ళీ ప్రాజెక్ట్‌కే వచ్చారు. చాలాకాలం రెండు మాటలూ కమాండ్లలో పక్కపక్కనే బతికాయి. కొత్తగా చేరినవాళ్ళు ఈ రెండూ ఒకటేనా వేరా అని తల పట్టుకునేవాళ్ళు.

2011లో అమెజాన్ క్లౌడ్‌ఫార్మేషన్ తెచ్చింది. మీకు కావాల్సిన మెషీన్లన్నీ ఒక ఫైల్‌లో రాస్తే అదే కట్టి పెడుతుంది. బాగుంది, కానీ అమెజాన్ వరకే. అప్పటికి మిచెల్ హషిమోటో అనే కుర్రాడు వేగ్రంట్ అనే టూల్‌తో పేరు తెచ్చుకున్నాడు. ఇలాంటిది ఏ క్లౌడ్‌తోనైనా పనిచేసేలా, అందరికీ ఉచితంగా ఉండాలని అతని ఆశ. 2012లో మిత్రుడు ఆర్మన్ దాద్గర్‌తో కలిసి హషికార్ప్ పెట్టాడు. 2014 జూలైలో టెర్రాఫామ్ మొదటి వెర్షన్ వచ్చింది.

టెర్రాఫామ్‌లో నాకు గొప్పగా అనిపించేది రెండు కమాండ్లు. ప్లాన్, అప్లై. ప్లాన్ కొడితే టూల్ ఏమీ మార్చదు. మీరు ఫైల్‌లో రాసింది, క్లౌడ్‌లో నిజంగా ఉన్నది పోల్చి చూసి, "నేను అప్లై చేస్తే ఇవి జరుగుతాయి" అని చదివి వినిపిస్తుంది. ఈ ఆలోచన మరీ కొత్తదేం కాదు. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ అనే టూల్‌లోనే, పని చెయ్యకుండా ఏం చేస్తానో మాత్రం చూపించే ఆప్షన్ ఉంది. సీఎఫ్ఇంజిన్, పప్పెట్, ఆన్సిబుల్ అన్నిట్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. టెర్రాఫామ్ చేసింది ఏంటంటే దాన్ని మూలన ఉన్న ఆప్షన్‌లా వదిలెయ్యకుండా రాజమార్గంలో పెట్టింది. నేరుగా అప్లై కొట్టినా ముందు ప్లాన్ చూపిస్తుంది, తర్వాత అడుగుతుంది. అక్కడ వై అని ఒక్క అక్షరం కొడితే ఒప్పుకోదు. ఎస్ అని ఇంగ్లీషులో పూర్తి మాట టైప్ చెయ్యాలి. ఆ రెండు అక్షరాలు ఎక్కువ కొట్టే అర సెకనులో మనిషి బుర్ర పనిచెయ్యాలని వాళ్ళ ఉద్దేశం. నిజంగా చేస్తుందా అంటే, రోజుకి నలభైసార్లు కొట్టేవాడి వేళ్ళు వాటంతట అవే కొట్టేస్తాయి, అది వేరే సంగతి.

ఒక ఉదాహరణతో చూస్తే బాగా అర్థమవుతుంది. గూగుల్ క్లౌడ్‌లో మీకో ప్రాజెక్ట్ ఉందనుకోండి. దానికి పైకి కనబడే పేరు ఒకటి, లోపలి ఐడీ ఒకటి. రెండూ మీ టెర్రాఫామ్ ఫైల్‌లో పక్కపక్క లైన్లలో ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పేరు మార్చి ప్లాన్ కొడితే పసుపు రంగులో అల లాంటి గుర్తు వస్తుంది, అంటే ఉన్నచోటే మార్చేస్తాను అని. హాయి. ఇప్పుడు ఐడీలో ఒక్క అక్షరం మార్చి ప్లాన్ కొట్టండి. ఎర్రటి మైనస్, పచ్చటి ప్లస్ కలిసి వస్తాయి. పక్కన చిన్నగా, దీనివల్ల పాతది తీసేసి కొత్తది పెట్టాల్సి వస్తుంది అని ఇంగ్లీషులో ఉంటుంది. ఎందుకంటే గూగుల్‌లో ప్రాజెక్ట్ ఐడీ ఒకసారి పెట్టాక మారదు. టూల్‌కి ఉన్న ఒకే దారి పాత ప్రాజెక్ట్ డిలీట్ చేసి కొత్తది తెరవడం. ఆ పాత ప్రాజెక్ట్‌లో మీ డేటాబేస్, మీ యూజర్ల ఫొటోలు, అన్నీ ఉంటాయి. డిలీట్ అయిన ప్రాజెక్ట్‌ని గూగుల్ 30 రోజుల్లోపు తిరిగి తెచ్చుకోనిస్తుంది కాబట్టి కొంత నయం, అయినా ఆ రాత్రికి నిద్ర ఉండదు.

ఇంటి పేరు బోర్డు మార్చడానికి, ఇల్లు కూల్చి మళ్ళీ కట్టడానికి ఫైల్‌లో ఉన్న తేడా ఒక్క లైన్. ఆ తేడా మీకు ముందుగా కనబడేది ప్లాన్‌లోనే. అందుకే ముఖ్యమైన వాటికి "ఏం చేసినా దీన్ని కూల్చొద్దు" అని ఫైల్‌లోనే తాళం వేసే సదుపాయం ఉంది. వాడండి దయచేసి.

ఇక నేను మాటిచ్చిన ప్రమాదాలు. వరసగా చెప్పను, ఎందుకంటే అన్నీ ఒకే బరువువి కావు.

అన్నిటికన్నా భయంకరమైనది నైట్ క్యాపిటల్. అమెరికాలో షేర్లు కొని అమ్మే పెద్ద కంపెనీ. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఒక కొత్త పథకం మొదలవుతోంది, దానికోసం వాళ్ళ సాఫ్ట్‌వేర్ మార్చారు. కొత్త ఫీచర్ ఆన్ చెయ్యడానికి ఒక ఫ్లాగ్ కావాలి, అంటే ఆన్ ఆఫ్ స్విచ్. కొత్తది ఎందుకని పాత స్విచ్చే వాడారు. ఆ స్విచ్ ఒకప్పుడు పవర్ పెగ్ అనే పాత ఫీచర్‌ది, 2003లోనే వాడటం ఆపేశారు, కోడ్ మాత్రం తీసెయ్యలేదు. మొత్తం 8 సర్వర్లు. టెక్నీషియన్ 7 సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాడు. ఎనిమిదోది తప్పిపోయింది. రెండో మనిషి సరిచూడాలనే నియమం లేదు.

ఉదయం 9:30కి మార్కెట్ తెరిచారు. స్విచ్ ఆన్. ఏడు సర్వర్లలో కొత్త ఫీచర్ లేచింది. ఎనిమిదోదాంట్లో పదేళ్ళుగా నిద్రపోతున్న పవర్ పెగ్ లేచింది. ఆగకుండా ఆర్డర్లు పెట్టడం మొదలుపెట్టింది. ఏం జరుగుతుందో తెలియక ఆ కంగారులో ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో అన్నిటిలోనూ పాత దయ్యమే లేచింది. 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు. నష్టం 46 కోట్ల డాలర్లకి పైనే అని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ తర్వాత తేల్చింది. ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే వాళ్ళ సిస్టమ్ నుంచి సిబ్బందికి పవర్ పెగ్ పేరుతో 97 ఈమెయిళ్ళు వెళ్ళాయట. ఎవరూ వాటిని ప్రమాద హెచ్చరికగా చూడలేదు. మరుసటి ఏడాదికి నైట్ క్యాపిటల్ స్వతంత్ర కంపెనీగా మిగల్లేదు, గెట్కోలో కలిసిపోయింది.

ఇక్కడ బర్జెస్‌ని గుర్తుచేసుకోండి. "ఎనిమిది సర్వర్లూ ఇలా ఉండాలి" అని గమ్యం రాసి, ప్రతి కొన్ని నిమిషాలకీ సరిచూసే టూల్ ఉంటే ఎనిమిదోది దొరికిపోయేది. ఆ ఆలోచన పుట్టి అప్పటికి 19 ఏళ్ళు. ప్రపంచంలో ఉండటం వేరు, మన ఆఫీసులో ఉండటం వేరు.

2017లో నాలుగు వారాల తేడాతో రెండు జరిగాయి. జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజినీర్ రెండో డేటాబేస్ సర్వర్‌లో అనుకుని మొదటి సర్వర్‌లో ఆర్ఎం కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో పట్టుకుని ఆపాడు. 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌లు వెతికితే ఒక్కొక్కటీ పనిచెయ్యట్లేదని బయటపడింది. బ్యాకప్ ఫెయిల్ అయిందని చెప్పాల్సిన మెయిళ్ళు కూడా ఆగిపోతున్నాయి. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన కాపీ ఒకటి దొరికింది. వాళ్ళని నేను మెచ్చుకునేది ఎక్కడంటే, ఆ మరమ్మతు మొత్తం యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. ఆ ఇంజినీర్‌ని బలిచెయ్యలేదు.

ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్‌త్రీ. బిల్లింగ్ నెమ్మదిగా ఉందని కొన్ని సర్వర్లు పక్కన పెట్టబోయారు. రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే, అనుమతి ఉన్న మనిషే కమాండ్ కొట్టాడు. అందులో ఒక విలువ తప్పు పడింది. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సర్వర్లు ఆగిపోయాయి. మనకి రాత్రి 11:07, అక్కడ ఉదయం. ఇంటర్నెట్‌లో సగం సైట్లు బొమ్మలు లేకుండా బోసిపోయాయి. ఎస్‌త్రీ బాలేదని చెప్పే అమెజాన్ సొంత పేజీని మార్చాలన్నా ఎస్‌త్రీ కావాలి, అందుకని ట్విటర్‌లో చెప్పుకున్నారు. తర్వాత టూల్‌నే మార్చారు. సర్వర్లని మెల్లగా మాత్రమే తీస్తుంది, కనీస సంఖ్య కన్నా కిందకి పోతుంటే ఒప్పుకోదు. నా దృష్టిలో సరైన పని అదే. అలసిపోయిన మనిషి చెయ్యి ఒకరోజు జారుతుంది. జారినప్పుడు టూల్ "ఏంటీ, ఇన్నా?" అని అడగాలి.

ఇంకొకటి మీ అందరికీ అనుభవం. 2021 అక్టోబర్ 4, సోమవారం, రాత్రి తొమ్మిది దాటింది. వాట్సాప్ ఆగిపోయింది. ఇన్‌స్టా ఆగిపోయింది. నెట్ బ్యాలెన్స్ అయిపోయిందేమోనని ఎంతమంది ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశారో. ఫేస్‌బుక్ డేటా సెంటర్లని కలిపే సొంత నెట్‌వర్క్ మీద, ఎంత సామర్థ్యం ఉందో చూద్దామని కొట్టిన ఒక కమాండ్ అన్ని లింకులనీ తెంపేసింది. ఇలాంటి కమాండ్లని ముందే పరిశీలించి ఆపే టూల్ వాళ్ళ దగ్గర ఉంది. దాంట్లోనే బగ్ ఉంది, ఆపలేదు.

తర్వాత జరిగింది సినిమాలా ఉంటుంది. డేటా సెంటర్లతో మాట్లాడలేకపోతున్నాం కాబట్టి మనలోనే లోపం ఉందనుకుని వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్లు తమ చిరునామాలని ఇంటర్నెట్ నుంచి వెనక్కి తీసుకున్నాయి. అంతే, ప్రపంచానికి ఫేస్‌బుక్ అడ్రస్ తెలియదు. సరిచెయ్యాల్సిన లోపలి టూల్స్ కూడా అదే నెట్‌వర్క్ మీద ఉన్నాయి. మనుషులే డేటా సెంటర్లకి వెళ్ళాలి. దొంగలు రాకుండా కట్టిన భద్రత ఇప్పుడు ఇంజినీర్లనే ఆలస్యం చేసింది. సుమారు ఆరు గంటలు. మనవాళ్ళు చాలామంది నిద్రపోయారు, తెల్లారి లేచేసరికి మెసేజ్‌లు కుప్పగా పడ్డాయి.

ఇదంతా విన్నాక ఒక మాట అడగాలి కదా. ఇంత ముఖ్యమైన టూల్ ఎవరి చేతిలో ఉంది? 2023 ఆగస్టు 10న హషికార్ప్ టెర్రాఫామ్ లైసెన్స్ మార్చేసింది. అప్పటిదాకా ఓపెన్ సోర్స్. ఇకమీదట మీ పనికి వాడుకోవచ్చు కానీ, మాకు పోటీగా దాంతో సర్వీస్ అమ్మొద్దు అన్నారు. కంపెనీ వైపు వాదన కూడా వినాలి. మేం కష్టపడి రాస్తే ఇతరులు దాన్ని అమ్ముకుంటున్నారు అన్నది వాళ్ళ బాధ. అవతలివైపు వాదన ఏంటంటే, ఓపెన్ సోర్స్ అన్నారనే కదా వేలమంది ఉచితంగా తమ శ్రమ పోశారు, ఇప్పుడు గేటు వేస్తే ఎలా అని. కొన్ని వారాల్లోనే లైసెన్స్ మారకముందు కోడ్ తీసుకుని వేరు కాపురం పెట్టారు. అదే ఓపెన్‌టోఫు. సెప్టెంబర్‌లో లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందకి చేరింది. 2024 జనవరిలో మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చింది.

వేరుపడ్డాక వాళ్ళు చేసిన ఒక పని చెప్పుకోవాలి. టెర్రాఫామ్ తను కట్టినవన్నీ గుర్తుపెట్టుకోవడానికి స్టేట్ అనే ఫైల్ రాసుకుంటుంది. అందులో మీ డేటాబేస్ పాస్‌వర్డులు కూడా మామూలు అక్షరాల్లోనే పడిపోవచ్చు. దాన్ని తాళం వేసి దాచే సదుపాయం టూల్‌లోనే కావాలని జనం ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. ఓపెన్‌టోఫు 2024లో 1.7 వెర్షన్‌లో ఇచ్చేసింది. ఈలోపు హషిమోటో తను పెట్టిన కంపెనీ నుంచి 2023 చివర్లో బయటికి వచ్చేశాడు. ఐబీఎం 640 కోట్ల డాలర్లకి హషికార్ప్‌ని కొంటున్నట్టు 2024 ఏప్రిల్‌లో ప్రకటించి, 2025 ఫిబ్రవరిలో పూర్తిచేసింది. అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సులో చేరి టెర్రాఫామ్ నేర్చుకుంటున్న వాళ్ళకి ప్రస్తుతానికి భయం లేదు, రెండిటి కమాండ్లూ చాలావరకు ఒకటే. కానీ రెండూ ఏటా కొంచెం కొంచెం దూరం జరుగుతున్నాయి. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగితే చెప్పగలిగేలా ఉండండి.

చివరిగా, ఇప్పుడు జరుగుతున్నది. కమాండ్లు టైప్ చేసేది మనిషే కానక్కర్లేని రోజులొచ్చాయి. ఏఐ ఏజెంట్లకి టెర్మినల్ ఇచ్చేస్తున్నారు. 2025 జూలైలో రెప్లిట్ అనే సర్వీస్‌లోని ఏఐ ఏజెంట్, ఏమీ మార్చొద్దని యూజర్ చెప్పినా వినకుండా నడుస్తున్న డేటాబేస్‌ని తుడిచేసింది. కంపెనీ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ప్రయోగాలకి వాడే డేటాబేస్‌నీ, నిజం డేటాబేస్‌నీ వేరుచేస్తామన్నారు. ఏజెంట్‌కి అలసట లేదు, నిజమే. భయం కూడా లేదు. ప్లాన్‌లో ఎర్ర మైనస్ చూసి గుండె ఆగినంత పనై చెయ్యి వెనక్కి తీసుకునేది ఇప్పటికీ మనిషే.

మీకు సొంతంగా చూడాలనుంటే ఖర్చు లేకుండా చూడొచ్చు. మీ కంప్యూటర్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ సృష్టించమని టెర్రాఫామ్‌కో ఓపెన్‌టోఫుకో చెప్పండి, క్లౌడ్ అకౌంట్ అక్కర్లేదు. అప్లై చేశాక ఆ ఫైల్‌ని మీరే డిలీట్ చేసి మళ్ళీ ప్లాన్ కొట్టండి. అది లేదని పట్టుకుని, మళ్ళీ పెడతానంటుంది. ఏం వచ్చిందో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ రాత్రి ఫేస్‌బుక్ అడ్రస్ మాయమవడం వెనకున్న డీఎన్ఎస్ కథ చెప్పుకుందాం.